వద్దు గడి

“అన్నీ నెట్‌లోనే దొరుకుతుంటే ఇంకా ఈ లైబ్రరీ ఎందుకండీ?” అని అడిగేవాళ్ళు మా ఆసుపత్రిలో కొల్లలు. కొత్తగా చేరిన ప్రతి డాక్టరూ ఒకసారైనా అడుగుతాడు. మందుల షాపులో అన్ని మందులూ దొరుకుతాయి కదా, మరి మీరెందుకని నేను ఎదురు అడిగితే మాత్రం ముఖం మాడ్చుకుంటారు. నాకు నోటి దురుసు ఎక్కువని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

మా లైబ్రరీ కింది అంతస్తులో, దుప్పట్లు ఉతికే గది పక్కన ఉంటుంది. పగలంతా ఆ యంత్రాల రొద గోడలోంచి వినబడుతూనే ఉంటుంది. సబ్బు వాసన పుస్తకాలకి కూడా పట్టేసింది. రెండు కంప్యూటర్లు, నాలుగు తగిలిస్తే గానీ కదలని డొక్కు ప్రింటరు, ఎవరూ తెరవని బైండు పుస్తకాల బీరువాలు, మేడం, నేను. ఇదీ మా సంసారం. డాక్టర్లకి ఏదైనా చిక్కు కేసు తగిలితే మాకు కబురు పెడతారు. ఆ జబ్బు మీద ఎక్కడెక్కడ ఎవరేం పరిశోధించి రాశారో, మామూలు జనానికి తెరుచుకోని వైద్య డేటాబేసుల్లోకి వెళ్ళి మేం వెతికి తెస్తాం. ఒక్కో డేటాబేసుదీ ఒక్కో తిక్క. ఒకటి మామూలు పేరు చెప్తే పలుకుతుంది. ఇంకోదానికి ఆ జబ్బు శాస్త్రీయ నామం అక్షరం పొల్లు పోకుండా అప్పచెప్పాలి, లేకపోతే మనమెవరో ఎరగనట్టు ఊరుకుంటుంది.

నాకు ఈ పని నేర్పింది మేడమే. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని బల్లంతా కళ్ళజోడు కోసం తడుముకునే మనిషి, లక్షల వ్యాసాల్లోంచి కావలసినదాన్ని మాత్రం చెవి పట్టుకుని లాక్కొచ్చేది. నేను చేరిన కొత్తలో పక్కన కూర్చోబెట్టుకుని వెతికే పేజీ చూపించింది. అందులో మూడు గడులుంటాయి. మొదటి గడిలో రాసిన మాటలన్నీ వ్యాసంలో ఉండి తీరాలి. రెండో గడిలో రాసినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. మూడో గడిలో రాసిన మాట ఏ వ్యాసంలో కనబడినా ఆ వ్యాసం మనకి రాదు. దాన్ని మేం ‘వద్దు గడి’ అంటాం.

“ఆ మూడోదాని జోలికి వెళ్ళకు,” అంది మేడం.

“ఎందుకండీ? అక్కర్లేనివి తీసేస్తే మనకే మంచిదిగా?”

“పిల్లల ఉబ్బసం గురించి కావాలనుకో. పెద్దవాళ్ళు వద్దని అందులో రాశావనుకో. ‘పెద్దవాళ్ళకి పనిచెయ్యని మందు పిల్లలకి పనిచేసింది’ అని ఎవరో మహానుభావుడు రాసి ఉంటాడు. అదీ పోతుంది. పెద్దవాళ్ళన్న మాట అందులో ఉందిగా మరి. దానికి మాటే తెలుసమ్మా, ఆ మాట ఎందుకు రాశారో తెలీదు. చెత్తతో పాటు ఉంగరం కూడా ఊడ్చేస్తుంది. పోయిందని కూడా నీకు తెలీదు.”

ఆవిడ చెప్పిన పాఠాల్లో నాకు బాగా వంటబట్టింది అదే.

ఆసుపత్రి లైబ్రేరియన్ల కోసమే ఒక సైటు ఉంది. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. ఎక్కడెక్కడివాళ్ళో అందులో చేరతారు. ఒకరి ముఖం ఒకరం చూసి ఎరగం. మనం ఒక జబ్బు గురించి ఎలా వెతికామో, ఏ గడిలో ఏ మాటలు రాశామో అక్కడ పెడితే తక్కినవాళ్ళు తప్పులు పట్టి సరిచేస్తారు. ఎక్కడా దొరకని వ్యాసం కావాలని అడిగితే ఎవరో ఒకరు వాళ్ళ లైబ్రరీలోంచి తీసి పంపుతారు. మేం దాన్ని ముద్దుగా ‘అరుగు’ అంటాం, ఎందుకంటే పని చేసుకుంటూ లోకం మీద విసుక్కోవడానికి మాకున్న చోటు అదొక్కటే.

ఆ అరుగు మీద మేడం పేరు ‘అత్తగారు’. ఎవరేం పెట్టినా ఆవిడ వంక పెట్టకుండా వదిలేది కాదు. వద్దు గడి వాడినవాళ్ళు ఎందుకు వాడారో కారణం రాసి తీరాలన్న నియమం కూడా ఆవిడే పట్టుబట్టి పెట్టించింది. ఎవరైనా పాపం ‘అక్కర్లేదు కాబట్టి’ అని రాస్తే, “అక్కర్లేదని చదవకుండానే ఎలా తెలిసింది నాయనా?” అని ఒక్కటి వేసేది. కొత్తగా చేరినవాళ్ళు హడలిపోయేవాళ్ళు. అంత హడలగొట్టే మనిషి దగ్గరే అందరూ తమ వెతుకులాటలు దిద్దించుకునేవాళ్ళు.

మేడంకి ఒక్కడే తమ్ముడు. బోర్డులు రాసేవాడు. మా గుమ్మం మీద లైబ్రరీ అన్న బోర్డు అతను రాసిందే. అన్ని దుకాణాలూ అచ్చు బోర్డులకి మారిపోయాక కూడా కొంతమంది అతనితోనే రాయించుకునేవాళ్ళు. అక్షరాలంటే అతనికి పిచ్చి. ఏదీ చదవకుండా వదిలేవాడు కాదు. మందు సీసా మీది చిన్న అచ్చు, టిక్కెట్టు వెనక షరతులు, సరుకులు చుట్టిన కాగితం, ఏదైనా సరే మొదటి నుంచి చివరిదాకా చదివి గానీ పక్కన పెట్టడు. లైబ్రరీకి వచ్చాడంటే మా నోటీసు బోర్డు కూడా చదివి, “మేడం గారూ, రెండో వరసలో తప్పుంది,” అని నాకు చెప్పి పోయేవాడు. నన్ను కూడా మేడం గారూ అనే ప్రాణి లోకంలో అతనొక్కడే.

తల్లి చిన్నప్పుడే పోతే అతన్ని మేడమే పెంచింది. ఒకసారి మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు చెప్పింది. వాడికి కథల పుస్తకం ఇచ్చేముందు తను చదివేసేదట. కుక్కపిల్ల చచ్చిపోయే పేజీలూ, అమ్మ పోయే పేజీలూ గుండుసూదితో కలిపి గుచ్చేసి ఇచ్చేదట.

“వాడు ఏడిస్తే నేను తట్టుకోలేనే బాబూ,” అంది నవ్వుతూ. నేనూ నవ్వాను.

అతనికి దగ్గు పట్టుకుంది. రంగుల వాసన అనుకున్నారు, దుమ్మనుకున్నారు. నిచ్చెన ఎక్కితే ఆయాసం వస్తోందని చెప్పాక మేడం బలవంతాన మా ఆసుపత్రికి లాక్కొచ్చింది. ఊపిరితిత్తుల డాక్టరమ్మ రకరకాల పరీక్షలు చేయించింది. చివరికి తేలిందేమిటంటే, ఊపిరితిత్తులు మెల్లమెల్లగా బిరుసెక్కి గాలి పట్టకుండా పోయే జబ్బు. చాలా అరుదు. ఆ డాక్టరమ్మకి కూడా అలాంటి రోగిని చూడటం అదే మొదలు. మంచి మనిషి, డొంకతిరుగుడు లేదు. స్వయంగా మా గదికి వచ్చి చెప్పింది.

“దీని గురించి నాకు తెలిసింది తక్కువండీ. ఉన్నవన్నీ తెచ్చివ్వండి, చదివి ఏం చేద్దామో చూద్దాం. ఇది మీ చేతిలో పనేగా.”

“నేను వెతకనా మేడం?” అన్నాను ఆవిడ వెళ్ళాక.

“నా తమ్ముడికి నువ్వెందుకు వెతకడం?” అంది.

సర్జన్లు సొంతవాళ్ళకి ఆపరేషన్ చెయ్యరంటారు. మా పనికి అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు. కత్తి పట్టుకోం కదా, మాకేం ప్రమాదం అనుకున్నారు కాబోలు.

ఆ రోజు ఆవిడ ఏం చేసిందో ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టి మిమ్మల్ని అదరగొట్టే సరదా నాకు లేదు.

మా ఆసుపత్రిలో ఎవరి ఫైలు వాళ్ళే మోసుకు తిరగాలి. పరీక్షల గదికీ, డాక్టరు గదికీ, మందుల కౌంటరుకీ రోగే ఫైలు చంకలో పెట్టుకుని పోతాడు. మేం వెతికి ఇచ్చిన వ్యాసాలు కూడా ఆ ఫైల్లోనే చేరతాయి. చాలామంది వాటి ముఖం చూడరు. కానీ ఇది టిక్కెట్టు వెనక షరతులు చదివే మనిషి ఫైలు. బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తూ అతను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు. అది మేడంకి తెలుసు.

మొదటిసారి వెతికినప్పుడు తెర మీద వచ్చిన శీర్షికలన్నీ ఒకే పాట పాడాయి. ఈ వ్యాధిలో మరణాల రేటు. ఈ వ్యాధితో మరణించినవారి వివరాలు. మరణానికి దారితీసే కారణాలు. వరసగా, కిందికి జరిపేకొద్దీ అవే. మేడం కొంతసేపు వాటిని చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఎన్నేళ్ళుగానో ఎవరినీ ముట్టుకోనివ్వని వద్దు గడిలో ‘మరణం’ అని రాసింది. ‘మరణాలు’ అని కూడా రాసింది. మళ్ళీ వెతికింది. ఈసారి తెర ఎంతో శుభ్రంగా ఉంది. శ్వాస వ్యాయామాలు, ఆక్సిజన్ వాడే పద్ధతులు, రోగి కుటుంబానికి సూచనలు. ఆవిడ వాటిని ప్రింటు తీసింది.

ప్రింటరు దగ్గర నేనే ఉన్నాను. కట్ట పల్చగా ఉందనిపించి, “ఇంతేనా మేడం?” అన్నాను.

“అరుదైన జబ్బు కదా,” అంది.

ఆవిడ తెచ్చినదాన్ని అనుమానించడమన్న ఆలోచనే నాకు రాలేదు. మా ఇద్దరిలో తప్పులు చేసేదాన్ని నేను. డాక్టరమ్మకీ రాలేదు. ఆవిడ అవన్నీ చదివి, దీనికి మందంటూ ఏదీ ఉన్నట్టు లేదండీ, ఉన్న ఊపిరిని జాగ్రత్తగా వాడుకునేట్టు చూద్దాం అంది. వ్యాయామాలు రాసిచ్చింది. దగ్గు తగ్గడానికి ఏదో సిరప్పు రాసిచ్చింది.

నేను కాగితాలు పట్టుకుని పోతుంటే బెంచీ మీద అతను ఫైలు చదువుతూ కనిపించాడు. ఆఖరి పేజీలో ఉన్నాడు.

“అయిపోయిందా పారాయణం?” అన్నాను.

“అయిందండీ. చాలా మంచి జబ్బండీ ఇది. ఎవరికీ ఏమీ కాలేదు,” అని నవ్వాడు.

నేనూ నవ్వేసి వెళ్ళిపోయాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

అతను నిచ్చెన ఎక్కడం మానేశాడు. బోర్డులు ఇంటికే తెప్పించుకుని నేల మీద పరిచి రాసేవాడు. తర్వాత అతను గీతలు గీస్తే భార్య రంగు నింపడం మొదలుపెట్టింది. తర్వాత గీతలు కూడా ఆమే గీసింది, అతను కుర్చీలో కూర్చుని ఇక్కడ వంపు తక్కువైంది, అక్కడ కాలు పొడుగైంది అని చెప్పేవాడు. ఇంట్లోకి ఆక్సిజన్ సిలిండరు వచ్చింది. మేడం పని అయ్యాక రోజూ అటే వెళ్ళేది. పొద్దున వచ్చి, నిన్న కాస్త బాగానే ఉన్నాడు అనేది. ఆ ‘కాస్త’ రోజురోజుకీ చిక్కిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఏమంటే ఎక్కడ ఏడుస్తుందోనని నా నోరు మొదటిసారి అదుపులో పెట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం అరుగు మీద కొత్తగా చేరిన పిల్ల ఒకతె తను వెతికిన తీరు పెట్టింది. ‘నా మొదటి వెతుకులాట. దయచేసి తప్పులు చెప్పండి, అత్తగారు కాస్త మెల్లగా తిట్టాలి’ అని రాసింది. జబ్బు పేరు చూసి నేను మేడం వైపు చూశాను. అదే జబ్బు.

“చూద్దాం, ఏం వదిలేసిందో,” అంటూ మేడం నెత్తి మీది కళ్ళజోడు కిందికి దించింది. తప్పు పట్టబోయేముందు ఆవిడ ముఖంలో వచ్చే హుషారు వచ్చింది. నేను డబ్బా మూత తీస్తున్నాను.

ఆ పిల్ల ఏమీ వదల్లేదు. మొదటి గడి, రెండో గడి నీటుగా నింపింది. మూడో గడి ఖాళీగా ఉంచింది, మేడం అందరికీ నేర్పినట్టే. దొరికినవాటిలో మొదటి పేజీలోనే ఒక వ్యాసం ఉంది. శీర్షిక నేను కూడా చదివాను. ఆ వ్యాధి తొలిదశలోనే ఒక మందు మొదలుపెడితే మరణాలు సగానికి సగం తగ్గాయని.

మరణాలు తగ్గాయి అని చెప్పాలన్నా మరణాలు అన్న మాట రాయాలి కదా.

మేడం ఆ శీర్షికని వేలితో తాకింది. వ్యాసం ఎప్పుడు అచ్చయిందో చూసింది. తమ్ముడికి దగ్గు కూడా మొదలవ్వని రోజుల్లో అచ్చయింది. గోడ అవతల యంత్రం ఒకటి ఆగింది, ఇంకోటి మొదలైంది.

“ఇది మనకి రాలేదే,” అన్నాను నేను. నిజంగా అర్థంకాక అన్నాను.

“వచ్చింది. నేనే పొమ్మన్నాను,” అంది. అప్పుడు చెప్పింది నాకు, వద్దు గడిలో ఏం రాసిందో. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

నాకు ముందు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, ఊరందరికీ పాఠాలు చెప్పి ఇదేం పనండీ అని అరవబోయాను. ఆవిడ ముఖం చూశాక అరుపు లోపలే ఉండిపోయింది. ఆ వ్యాసం ప్రింటు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని పట్టుకుని మెట్ల మీద దాదాపు పరుగెత్తింది. నేను వెనకే వెళ్ళాను.

డాక్టరమ్మ మొత్తం చదివింది. ఫైలు తెప్పించి కొత్త పరీక్షల అంకెలు చూసింది. మళ్ళీ వ్యాసంలోకి వెళ్ళింది. మేడం నిలబడే ఉంది, కూర్చోమంటే కూర్చోలేదు.

“ఇది తొలిదశవాళ్ళకండీ. ఊపిరి ఇంత ఉన్నవాళ్ళకి.” వేలు పెట్టి చూపించింది. “మనవాడు మొదట వచ్చినప్పుడు ఇంతకంటే బాగా ఉన్నాడు. అప్పుడైతే కళ్ళు మూసుకుని ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఇస్తే మందే ముందు దెబ్బతీస్తుంది. ఇది కొత్తగా వచ్చిందా?”

“లేదండీ. అప్పుడే ఉంది,” అంది మేడం. “నేను తీసేశాను. వాడు చదువుతాడని.”

డాక్టరమ్మ ఫైలు మూసి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. “కూర్చోండి,” అని మాత్రం మళ్ళీ అంది.

తమ్ముడికి చెప్పాలా వద్దా అన్నది నేను అడగలేదు. మేడం తిన్నగా గేటు వైపు నడిచింది. ఒంటరిగా పంపలేక నేనూ బయల్దేరాను. దారిలో అతను రాసిన బోర్డులు మూడు నాలుగు వచ్చాయి. మేడం ప్రతి దాన్నీ తల తిప్పి చూసింది.

వాళ్ళది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో గోడ పొడుగునా రంగు డబ్బాలు, మూతల మీద అదే రంగుతో చుక్క. సగం నింపిన బోర్డు ఒకటి నేల మీద ఉంది. అతను మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముక్కులో గొట్టం. చేతిలో ఏదో మందు పెట్టెలో వచ్చే మడతల కాగితం. చదువుతున్నాడు.

“రండి మేడం గారూ,” అన్నాడు నన్ను చూసి. ఆ రెండు మాటలకే ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

మేడం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఆ వ్యాసం ఒళ్ళో పెట్టుకుని, అంతా చెప్పింది. ఏం వెతికింది, ఏం వచ్చింది, ఏ గడిలో ఏం రాసింది, అందువల్ల ఏం పోయింది, డాక్టరమ్మ ఏమంది. ఒక్క ముక్క దాచలేదు. అతను సిలిండరు బుసబుస మధ్య మొత్తం విన్నాడు.

“నాకు తెలుసక్కా,” అన్నాడు.

“ఏం తెలుసురా?”

“నువ్వు తీసేశావని. అన్ని కాగితాలు చదివాను. ఒక్కడూ పోలేదు.” ఆగి ఊపిరి తీసుకున్నాడు. “జలుబు మీద రాసినా ఎవడో ఒకడు పోతాడు. అక్క గుండుసూదులు పెట్టిందిలే అనుకున్నా.”

“మరి నన్నడగలేదేం?”

“ఏమని అడగను? నువ్వు గుచ్చేశావంటే వెనకాల చావే ఉంటుంది. చిన్నప్పుడూ అంతేగా. సూది తీసి చూస్తే ప్రతిసారీ అదే.”

“తీసి చూసేవాడివా?”

“ప్రతిసారీ. చదివి, ఏడ్చి, మళ్ళీ అవే చిల్లుల్లో గుచ్చి ఇచ్చేవాణ్ణి.” నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. ఆ దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. “నాకు తెలిసిపోయిందని తెలిస్తే నువ్వు ఏడుస్తావుగా.”

మేడం నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

“ఈసారి తీసి చూడాలనిపించలేదక్కా. భయమేసింది. మందుందని తెలిస్తే తీసేవాణ్ణి.” కళ్ళు మూసుకున్నాడు. “నన్నొక్కమాట అడగాల్సింది నువ్వు. చదువుతావా అని.”

గుమ్మంలో అతని భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో. చేతిలో కుంచె, దాని చివర ఎర్ర రంగు. ఆమె గొంతు పైకి లేవలేదు.

“మీరిద్దరూ ఒకరినొకరు ఏడిపించకుండా బాగా చూసుకున్నారు. మరి నేనెవరిని వదినా ఈ ఇంట్లో? ఆయన ఫైలు నేనూ మోశాను. నాకూ చదవడం వచ్చు. ఏదో తీసేశారని నాకు ఆయనా చెప్పలేదు, మీరూ చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆ డాక్టరమ్మ గది ముందు కూర్చుని లేచేదాన్ని కాదు, ఆ కాగితం దొరికేదాకా.”

“అమ్మాయ్…” అంది మేడం.

“వద్దండీ. ఇక వెళ్ళండి మీరు.”

అతను కళ్ళు తెరవలేదు. ఆ అమ్మాయిని ఆపనూ లేదు. మేడం లేచింది. వ్యాసం మంచం మీద పెట్టాలా, తీసుకుపోవాలా తెలియక కాసేపు అలాగే నిలబడింది. అతను చెయ్యి చాపాడు, ఇలా ఇవ్వు అన్నట్టు. ఇచ్చింది. మేం గుమ్మం దాటుతుంటే కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. మొదటి పేజీ నుంచి చదువుతున్నాడన్నమాట.

ఆ తర్వాత మేడం ఆ ఇంటికి వెళ్ళలేదు. రోజూ సాయంత్రం సంచి సర్దుకుని ఆ వీధి మొదలుదాకా పోయి తిరిగొచ్చేదని నాకు తర్వాత తెలిసింది. వానలు మొదలవకముందే అతను పోయాడు. కబురు డాక్టరమ్మ ద్వారా వచ్చింది. మేమిద్దరం వెళ్ళాం. మరదలు మేడం వంక చూడలేదు, పొమ్మని కూడా అనలేదు. మేడం అందరికంటే వెనక, గోడనానుకుని నిలబడింది. పెంచి పెద్దచేసిన మనిషి అలా ముక్కూముఖం తెలియనిదానిలా నిలబడటం చూసి నాకు దుఃఖం ఆగలేదు. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికి మాత్రం మనసొప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు. సగంలో ఆగిన బోర్డుని ఎవరో గోడ వైపు తిప్పి పెట్టారు.

మేడం మళ్ళీ పనిలోకి వచ్చింది. కానీ వెతకడం మానేసింది. డాక్టర్ల కబుర్లన్నీ నా బల్ల మీదికి జరిపేది. తను బీరువాల్లోని పాత బైండ్లు తీసి దుమ్ము దులిపి మళ్ళీ పెట్టేది. అరుగు మీద అందరూ అత్తగారెక్కడ, అత్తగారెక్కడ అని అడుగుతుంటే ఒంట్లో బాగాలేదని నేను రాసేదాన్ని. ఆ కొత్త పిల్ల వెతుకులాటకి కూడా ఎవరూ ఏ తప్పూ పట్టలేదు. పట్టడానికి లేదు.

ఒకరోజు నేను ప్రింటరుతో కుస్తీ పడుతుంటే మేడం తన కంప్యూటరు ముందు కూర్చుంది. అరుగు తెరిచింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక నిలబడ్డాను. తమ్ముడి కోసం ఆ రోజు తను వెతికిన తీరంతా, ఏ గడిలో ఏముందో ఉన్నది ఉన్నట్టు, దిద్దమని పెడుతోంది. మూడో గడిలో ఆ రెండు మాటలూ పెట్టింది. వెంటనే కింద ఒక ప్రశ్న తెరుచుకుని అడ్డుపడింది. ‘ఈ గడి ఎందుకు వాడారు? కారణం రాయనిదే ముందుకు వెళ్ళలేరు.’ ఆవిడ పోరి పెట్టించిన నియమమే.

‘పొరపాటున’ అని రాసింది. దాన్ని చెరిపేసింది. ‘అక్కర్లేదు’ దాకా రాసి అదీ చెరిపేసింది.  ఆ తర్వాత ‘మా తమ్ముడు చదువుతాడని’ అని రాసి పంపింది.

అంతమంది తప్పులు పట్టేవాళ్ళున్న అరుగు మీద ఆ రోజు ఒక్కరూ నోరు విప్పలేదు. మర్నాడూ అంతే. మేడం వచ్చి చూడటం, బీరువాల దగ్గరికి పోవడం, మళ్ళీ వచ్చి చూడటం. ఎవరైనా ఒక్క ముక్క రాస్తే బాగుండునని నేనే రాయబోయి మానేశాను.

చివరికి ఆ కొత్త పిల్లే రాసింది. దానికి ఈ కథంతా తెలియదు పాపం. తనకి నేర్పిన పని తను చేసింది.

‘అత్తగారూ, మూడో గడి ఖాళీ చేసి మళ్ళీ వెతికాను. ఒక మంచి వ్యాసం తప్పిపోయింది. మొదటి పేజీలోనే ఉంది. మీ తమ్ముడుగారికి కూడా చూపించండి.’

మేడం దాన్ని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“సరిగ్గా చూసింది ఆ పిల్ల,” అంది. ఇంకేదో అనబోయి అనలేక, బల్ల మీద తల వాల్చి, పక్క గదిలో దుప్పట్లు ఉతికేవాళ్ళు పని ఆపి గుమ్మంలోకి వచ్చి నిలబడేదాకా ఏడ్చింది.